హీటెంత?

మా పెళ్ళైన నాలుగో రోజో అయిదో రోజో, ఇంకా తెలతెలవారుతుండగానే ఎవరో వీధి తలుపు దడదడా బాదారు. మా మావగారు లేచి వెళ్ళి తలుపు తీశారు. బయట నిలబడ్డ మనిషిని "వచ్చావా" అని గాని, "ఏమైనా తిన్నావా" అని గాని అడగలేదు. మొట్టమొదట అడిగిన మాట, "హీటెంత?"

"సానా ఎక్కువుందండి. సుంకి కాడ రెండుసార్లు ఆపేసినాం," అంది అవతలి గొంతు.

"నీళ్ళు పోశావా?"

"పోసినానండి. పోసినవి పోసినట్టే మరిగిపోనాయండి."

పక్కగదిలో పడుకున్న నాకు గుండె గుభేలుమంది. నీళ్ళు పోస్తే మరిగిపోయేంత జ్వరం ఎవరికమ్మా! మావారిని తట్టి లేపి, "ఏవండీ, ఎవరికో ఒళ్ళు కాలిపోతున్నట్టుంది, లేవండి," అన్నాను. ఆయన కళ్ళు కూడా తెరవకుండా "పెద్దదానికి" అనేసి అటు తిరిగి పడుకున్నారు.

పెద్దదెవరు? నాకు తెలిసి ఆడపడుచు ఒక్కతే, ఆవిడ పెళ్ళి పనులు ముగించుకుని ముందురోజే జయపురం వెళ్ళిపోయింది. ఇంకో ఆడపడుచు ఉన్నట్టు పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదే! తెల్లారి వీధిలోకి తొంగిచూస్తే తెలిసింది. పెద్దదంటే ఇంటి ముందు ముక్కు తెరుచుకుని, ఇంకా బుస్సుమని ఆవిర్లు కక్కుతూ నిలబడ్డ లారీ. మా అత్తగారు ఒక్క నెల వేరు కాపురం పెట్టని ఆ ఇంట్లో, నాకంటే పద్నాలుగేళ్ళ ముందు అడుగుపెట్టిన అసలు పెద్దకోడలు.

ఇది 1981 నాటి మాట. నాది విజయనగరం. మా నాన్నగారు బడిపంతులు. మా ఇంట్లో చక్రాలున్న వస్తువు ఒక్క సైకిలే. నన్ను ఇచ్చింది సాలూరులో. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది; 2022 దాకా విజయనగరం జిల్లాయే. ఆ ఊరు చూడనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే చోట ఉంటుంది. విశాఖపట్నం వైపు నుంచి కోరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయపూర్ పోయే రోడ్డు మా ఊరి మీదుగానే వెళ్తుంది. పి.కోనవలస దాటిందంటే ఘాటు. మలుపు మీద మలుపు, సుంకి, సెమిలిగుడ, ఆపైన సుమారు 870 మీటర్ల ఎత్తున కోరాపుట్. అందుకని సాలూరులో బతుకంతా లారీలతోనే. ఓనర్లు, డ్రైవర్లు, క్లీనర్లు, మేస్త్రులు, బాడీ కట్టే వడ్రంగులు, టైర్లకు ప్యాచీలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు నాలుగిళ్ళ మధ్య చేరినా మాటలన్నీ చీరల దగ్గర మొదలై కమాన్ కట్టల దగ్గర తేలేవి.

మా పెద్దది 1967 బండి. మా మావగారు పొలం అమ్మి కొన్నారట. టాటావాళ్ళు 1954లో జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు చెయ్యడం మొదలుపెట్టారు. 1969లో ఆ పొత్తు ముగిసి, ముందు ఉండే మూడు కొమ్మల నక్షత్రం పోయి "టి" అక్షరం వచ్చింది. మాది అంతకు రెండేళ్ళ ముందుది కనక నక్షత్రం ఉండేది. మావగారు రోజూ స్నానం చెయ్యగానే పైమీది తువ్వాలుతో ఆ నక్షత్రాన్ని తుడిచి గాని కాఫీ పుచ్చుకునేవారు కాదు. నాకు కాస్త ఒళ్ళు మండేది, చెప్పొద్దూ. నా వంక చూసి ఒక్కనాడైనా "అమ్మాయ్, కాఫీ తాగావా" అన్న పాపాన పోలేదు. మనిషి మంచివారే. ఆయన ప్రేమంతా అలా ఇనుములోకి ఇంకిపోయింది, అంతే.

ఆ మొదటి రోజు హీటుకి కారణం ఫ్యాన్ బెల్టు వదులు కావడం. పూట తిరక్కుండా బాగు చేసేశారు. కాని నాకు మాత్రం అది పెద్ద పాఠమైపోయింది. ఆ సాయంత్రం అరుగు మీద కూచుని మావగారు నాకు ఇంజను సంగతంతా చెప్పారు. వంటింటి భాషలో చెప్పారు కాబట్టి బుర్రకెక్కింది.

డీజిలు మండితే పుట్టే వేడిలో బండిని లాగడానికి పనికొచ్చేది ఉజ్జాయింపుగా మూడోవంతేనట. ఇంకో మూడోవంతు పొగగొట్టంలోంచి గాలిలో కలిసిపోతుంది. మిగతాది ఇంజను ఒంటికి పడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే ఇనుమే ఉబ్బి, పిస్టన్లు పట్టేసి, ఉన్నపళంగా నిలబడిపోతుంది. తీసే పని నీళ్ళది. ఇంజను చుట్టూ తిరిగి వేడి మూటగట్టుకుని, ముందున్న రేడియేటర్లోకి వస్తాయి. అక్కడ సన్నసన్నటి ఇత్తడి గొట్టాల్లోంచి జారుతుంటే వెనకనుంచి ఫ్యాను గాలి లాగుతుంది. "నువ్వు పాలు గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లార్చవూ, అదేనమ్మా," అన్నారు. చల్లారిన నీళ్ళని పంపు మళ్ళీ ఇంజనులోకి తోస్తుంది. రేడియేటరు మూతలో స్ప్రింగుంటుంది. కుక్కరు మీద బరువులాగే అదీ లోపల ఒత్తిడి నిలబెడుతుంది. ఒత్తిడిలో ఉన్న నీళ్ళు వంద డిగ్రీలకి మరగవు, ఇంకా పైకి పోతేగాని మరగవు. ఆ మూత రబ్బరు చచ్చిందా, కోరాపుట్ ఎత్తులో తొంభై ఏడుకే తెర్లిపోతాయి.

"అయితే ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్నమాట," అన్నాను తెలివిగా.

"అదే తప్పు," అన్నారాయన. "ఎనభైకీ తొంభైకీ మధ్య ఉండాలి. చలి కూడా ఇంజనుకి జ్వరమే."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆయన మాట వినే నాథుడు లేకపోయాడు. ఆ సంగతి తరవాత.

ఇంతకీ నా కథలో అసలు పాత్ర లారీ కాదు, గాబు. పెరట్లో తులసికోటకి అవతల నల్లటి సిమెంటు గాబు ఒకటుండేది. లారీ గాబు అనేవారు. బండి ఏ వేళకొచ్చినా రేడియేటర్లో పోసుకోడానికీ, దారికి రెండు క్యాన్లు నింపుకోడానికీ అందులో నీళ్ళు సిద్ధంగా ఉండాలి. ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళు కాదు. వేగావతి ఏటి నీళ్ళే. ఎండాకాలమైతే ఇసకలో చెలమ తీసి తోడుకురావాలి. మా అత్తగారు కాపురానికొచ్చిన నాటినుంచీ ఇంటికి నాలుగు బిందెలు, బండికి ఆరు బిందెలు మోశారట. కొత్తకోడలు రాగానే ఇంటి నాలుగూ ఆవిడ ఉంచుకుని, బండి ఆరూ నాకప్పగించారు. పనిమనిషి ఉంది, క్లీనరున్నాడు. కాని క్లీనరు చేతిలో పెడితే మురుక్కాలవలో ముంచుకొస్తాడని మావగారి అనుమానం. పనిమనిషి అయిదు బిందెలు తెచ్చి ఆరనేదట.

ఏడాది మోశాను. పంతులుగారి అమ్మాయిని, ఇంటరు తప్పినా లెక్కల్లో అరవై వచ్చిన దాన్ని, లారీకి నీళ్ళు మోశాను. 1982 ఎండాకాలంలో పెరట్లో బోరు వేయించి చేతిపంపు పెట్టించారు. గిన్నెలు తోముకోడానికీ, బట్టలకీ అని. నాలుగుసార్లు కొడితే బిందె నిండేది. దేవుడు కళ్ళు తెరిచాడనుకున్నాను. "బండికి మాత్రం ఏటి నీళ్ళే సుమా, ఇవి సవ్వనీళ్ళు," అన్నారు మావగారు. సరేనన్నాను. ఆ సరే ఎనిమిది నెలలు నిలబడింది. 1983 వేసవిలో నాకు నెలతప్పింది. ఒకటే వాంతులు. ఏటి గట్టు ఎక్కుతుంటే కళ్ళు తిరిగేవి. చెబితే మాన్పించేవారే. కాని అత్తగారు పదిబిందెలూ తనే మోస్తారు, నోరెత్తి ఒక్కమాట అనరు, ఆ మౌనం నేను పడలేను. ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, గాబు పంపు నీళ్ళతో నింపేశాను.

ఏమీ అవలేదు. బండి వచ్చింది, తాగింది, పోయింది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉన్నాయి, ఏటి నీళ్ళకన్నా తేటగా. మర్నాడూ అంతే. ఆ తరవాత నేను బిందె చంకనెట్టుకుని పెరటి తలుపు తీసుకుని ఏటివైపు పది అడుగులు వేసి, వీధి చివర స్నేహితురాలి ఇంట్లో ఓ పావుగంట కూచుని వచ్చి పంపు కొట్టేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి సిగ్గుపడుతోంది. అప్పుడు మాత్రం నవ్వొచ్చేది.

ఆ నీళ్ళ సంగతి నాకు తెలియక కాదు. ఆ పంపు నీళ్ళతో కందిపప్పు పెడితే కుక్కర్లో ఏడు కూతలకీ గింజ గింజగానే ఉండేది. సబ్బు నురగొచ్చేది కాదు. స్నానానికి నీళ్ళు కాచే రాగి బాయిలరులో అడుగున తెల్లటి గార, అట్టు మాడి అంటుకున్నట్టు. ఆర్నెల్లకోసారి చింతపండు వేసి మరిగించి, కొబ్బరిపీచుతో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా ఊడేది. బాయిలర్లోనైతే చెయ్యి దూరుతుంది. రేడియేటరు గొట్టాల్లో అగ్గిపుల్ల కూడా సరిగా దూరదు. ఈ రెంటినీ కలిపి ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. లేకపోయిందనుకోవడమే సుఖంగా ఉంది.

ఆ ఏడు వానలు వెలిసేసరికి బండి హీటెక్కడం మొదలెట్టింది. మొదట ఘాటులో మాత్రమే. అది మామూలే అనుకున్నారు. ఎక్కుడులో బండి చిన్న గేరులో నత్తలా పోతుంది. ఇంజను మాత్రం ఒళ్ళంతా ఊడ్చి లాగుతుంటుంది. ఎదురుగాలి తగలదు. పుట్టే వేడి ఎక్కువ, పోయే దారి తక్కువ. అందుకే పాతబండ్లవాళ్ళు రాత్రి భోజనాలై చలిగాలి మొదలయ్యాక ఘాటెక్కేవారు. మావాళ్ళూ అంతే. బానెట్టు కాస్త పైకెత్తి తాడుతో కట్టేవారు. అయినా ముల్లు ఎర్రగీత దాటిపోయేది. ఆగడం, చల్లారేదాకా కూచోవడం, మరిగి పోయిన నీళ్ళు మళ్ళీ పోయడం.

ఇక్కడొక తమాషా ఉంది, అప్పుడు తట్టలేదు. మరిగి పోయేది నీళ్ళే. నీళ్ళలో ఉన్న ఉప్పూ సున్నం ఎక్కడికీ పోవు, అక్కడే ఉంటాయి. మళ్ళీ పోసిన నీళ్ళు తమ వంతు తెచ్చి పెడతాయి. గార పెరిగేకొద్దీ హీటు, హీటు పెరిగేకొద్దీ నీళ్ళు, నీళ్ళు పోసేకొద్దీ గార. మా గాబు రెండు రోజులకి ఖాళీ అయ్యేది ఒకపూటకే అయిపోయేది. నేను ఇంకా గట్టిగా పంపు కొట్టేదాన్ని.

మేస్త్రులొచ్చారు. ఒకాయన ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఒకాయన వాటర్ పంపు మార్చాడు. ఎదురింటావిడ దిష్టంది, నిమ్మకాయలూ మిరపకాయలూ మార్చాం. డిశంబరులో మా పెద్దవాడు పుట్టాడు. జనవరిలో ఒక మేస్త్రి వచ్చి, "ఇదంతా ఈ వాల్వు పని," అని థర్మోస్టాట్ వాల్వు ఊడబీకి మావారి చేతిలో పెట్టాడు.

ఈ వాల్వు సంగతి చెప్పాలి. చేతిలో పడితే తగరపు బొమ్మలా ఉంటుంది. లోపల మైనం లాంటి పదార్థం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ దారి మూసేసి, నీళ్ళని రేడియేటర్లోకి పోనివ్వకుండా లోపల్లోపలే తిప్పుతుంది. ఎనభై దగ్గరికి రాగానే మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. చంటిపిల్లాడికి స్నానం చేయించేప్పుడు నీళ్ళు తొలుపుకునేదాకా ఆగుతాం చూడండి, అలా. అది తీసేస్తే నీళ్ళు ఎప్పుడూ రేడియేటర్లోకి పారుతూనే ఉంటాయి కనక మైదానంలో ముల్లు కిందికి దిగిపోయింది. ఇంట్లో పండగ. మేస్త్రికి పంచెల చాపు. మావగారొక్కరే, "తీయకూడదురా, తీయకూడదు," అని గొణిగారు. అప్పటికే కొడుకు పెత్తనం వచ్చేసింది. ఎవరూ వినిపించుకోలేదు.

లెక్కల పుస్తకం నాదే కాబట్టి నేనే మొదట చూశాను. లీటరుకి నాలుగు కిలోమీటర్లు వచ్చే బండి మూడున్నరకి దిగింది. కోరాపుట్ చలిలో ఇంజను ఎంతసేపటికీ వేడెక్కదు. వేడెక్కకపోతే డీజిలు సరిగా మండదు. మండనిది తెల్లటి పొగై పోతుంది, కొంత ఇంజనాయిల్లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. లైనర్లు అరుగుతాయి. చలి కూడా జ్వరమేనని మావగారన్నది ఇదే. మావారికి పుస్తకం చూపిస్తే, "నువ్వు లెక్క తప్పు వేసుంటావు," అన్నారు. ఇంటరు తప్పింది ఇంగ్లీషులో అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి గుర్తుండదు.

పోనీ ఘాటులోనైనా బాగుపడిందా అంటే అదీ లేదు. ఆ వాల్వు ఇంకో పని కూడా చేస్తుంది. వేడెక్కాక రేడియేటరు దారి తెరవడమే కాకుండా పక్కదారి మూస్తుంది. అది లేకపోతే సగం నీళ్ళు చల్లారకుండానే పక్కదారిని మళ్ళీ ఇంజనులోకి పోతాయి. మైదానంలో చలి, కొండమీద జ్వరం.

1984 మే నెలలో ఆడపడుచు ఇంట్లో బారసాల. బండి నౌపడా ఉప్పు నిండా వేసుకుని జయపురమే పోతోంది. చంటివాణ్ణి తీసుకుని బస్సులో ఎందుకు, కాబిన్లో కూచుంటే సరిపోతుందన్నారు. శుక్రవారం. తెల్లవారగట్ల బయల్దేరాల్సింది. సామాన్లు సర్దేసరికి పదిన్నరై రాహుకాలం వచ్చేసింది. పన్నెండు దాకా ఆగి, రాహువుని తప్పించుకుని, సూర్యుడికి ఎదురెళ్ళాం.

కాబిన్లో మావారు, డ్రైవరు, క్లీనరు, ఒళ్ళో పిల్లాడితో నేను. నా కళ్ళు రోడ్డు మీద లేవు, ముల్లు మీదే. మూడో మలుపుకి కదిలింది. ఎవరూ మాట్లాడటం లేదు. పిల్లాడు కూడా నిద్రపోయాడు. ఇంజను గొంతు బరువెక్కింది. కాళ్ళ కింద రేకు కాలుతోంది. తీపిగా, తుప్పుగా, ఇస్త్రీ పెట్టె కింద తడిబట్ట వాసన. ముల్లు ఎర్రగీత మీదికి పోయి అక్కడే ఆనుకుంది. మరు నిమిషం బానెట్టు సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచి అద్దం మూసేసింది.

క్లీనరు దూకి చక్రాల వెనక రాళ్ళు వేశాడు. నీడ లేదు. పక్కన లోయ. డ్రైవరు పెద్దవాడు, "బాబూ, ఓ గంట ఆగుదాం. తొందరపడకండి," అన్నాడు. పావుగంట ఆగారు మావారు. పిల్లాడు లేచి ఏడుపు లంకించుకున్నాడు. తెచ్చిన పాలు విరిగిపోయాయి. నేను విసుక్కున్నాను. ఏమన్నానో గుర్తుంది కాని రాయను. ఆయన గోనెపట్టా తీసుకుని ముందుకి వెళ్ళారు.

"ఏవండీ! కుక్కరు కూత పోకుండా మూత తియ్యకూడదండీ!" అని అరిచాను. అప్పటికే తిప్పేశారు.

మూతకి రెండు ఆపులుంటాయి. మొదటి ఆపు దగ్గర నిలిపి ఆవిరి పోనివ్వాలి. ఆయన ఒక్క తిప్పులో తీసేశారు. నీళ్ళు కాదు, తెల్లటి స్తంభం లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా. ఆయన అరవలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి రాయిమీద కూచుని చేతికేసి చూసుకుంటూ ఉండిపోయారు. పిల్లాడి కోసం తెచ్చిన కూజాలో నీళ్ళన్నీ ఆ చేతిమీద ధారగా పోస్తూ కూచున్నాను. వెనక ఏం జరుగుతోందో నేనూ చూడలేదు, డ్రైవరూ చూడలేదు. భయపడిపోయిన క్లీనరు కుర్రాడు తనకి తెలిసిన మేలు చేశాడు. కొండవాగులో చల్లటి నీళ్ళు క్యానునిండా పట్టుకొచ్చి గబగబా ఇంజనులో పోసేశాడు.

టప్పుమని చిన్న చప్పుడైంది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే వస్తుందే, అదే చప్పుడు. డ్రైవరు తల పట్టుకున్నాడు.

హెడ్డు బీట వేసింది. ఆయిల్ గేజు పుల్ల తీసి చూస్తే, నల్లగా ఉండాల్సింది పాలెక్కువైన టీలా ఉంది. నీళ్ళు ఆయిల్లో కలిసిపోయాయి. వెనకొచ్చిన సాలూరు బండివాళ్ళు మమ్మల్ని దింపి ఇంటికి చేర్చారు. పెద్దది మూడోరోజు తాడు కట్టించుకుని వచ్చింది.

అంచనా వినగానే మావగారు అరుగు మీంచి లేవలేదు. హెడ్డు, గ్యాస్కెట్టు, లైనర్లు, పిస్టన్లు. ఇంటిమీద అప్పటికే అప్పుంది. ఆ రాత్రి నా పుట్టింటివారు పెట్టిన నాలుగు పేటల గొలుసు తీసి మావారి మంచం మీద పెట్టాను. ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను. వీధి వీధంతా తెల్లారేసరికి తెలిసిపోయింది. "కోడలంటే అలా ఉండాలి," అన్నారు. మావగారు మొట్టమొదటిసారి నావైపు తిరిగి, "అమ్మాయ్, కాఫీ తాగావా?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పాపం గొలుసు పోయిందని ఏడుస్తోందనుకున్నారు అందరూ.

నేను ఏడ్చింది ఎందుకంటే, అంతకు గంట ముందే మాటు వేసేవాడు రేడియేటరు పై పెట్టె విప్పి వాకిట్లో పెట్టాడు. గొట్టాల నోళ్ళన్నీ తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి. సగానికి పైగా మూసుకుపోయాయన్నాడు. సన్నటి ఇనప కడ్డీ ఒక్కొక్క గొట్టంలో దూర్చి పొడుస్తుంటే పెచ్చులు రాలాయి. నా బాయిలరు పెచ్చులే. వేరే ఎవరికి తెలుస్తుంది, ప్రతి ఆర్నెల్లకీ నా గోళ్ళతో పీకినవి! "ఎక్కడెక్కడి నీళ్ళో పోసేస్తారండి ఈ క్లీనర్లు," అన్నాడు మాటువాడు. క్లీనరు కుర్రాడు తలొంచుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వాడు దారిలో ఏ గుంట నీళ్ళు పడితే ఆ నీళ్ళు పోసిన మాట నిజమే. వాల్వు పీకినవాడిది తప్పు, మధ్యాహ్నం ఘాటెక్కించినవాళ్ళది తప్పు, మూత తీసినాయనది తప్పు. నలభై ఏళ్ళుగా ఈ లెక్క వేసుకుంటూనే ఉన్నాను. ఎన్నిసార్లు వేసినా చివర్న గాబు మిగులుతుంది. ఆ కుర్రాణ్ణి ఆ వారమే మాన్పించేశారు. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు.

కొత్త వాల్వు వేయించి మరీ బండి రోడ్డెక్కించారు మావగారు. ఈసారి ఎవరూ కాదనలేదు. బండి బయల్దేరే రోజు తెల్లవారుజామున పెరట్లో ఏదో చప్పుడైతే లేచి వెళ్ళాను. మా అత్తగారు. తడిసిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఏటినుంచి తెచ్చిన బిందె గాబులో వంపుతున్నారు. గాబు అడుగు అప్పటికే ఇటికపొడితో తోమేసి ఉంది. అంచు చుట్టూ ఉండే తెల్లగీత లేదు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. ఆవిడ నాకేసి చూడకుండానే అన్నారు:

"ఆ పంపు నీళ్ళతో పప్పు ఉడకదు గాని, ఇంజను ఉడికిపోతాదే అమ్మా."

అంతే. ఇంకొక్క మాట లేదు. ఎప్పటినుంచి తెలుసో నేనడగలేదు. రెండో బిందె ఆవిడ చేతిలోంచి తీసుకుని ఏటికి నడిచాను. పదేళ్ళు మోశాను, బండి తుక్కుకి వెళ్ళేదాకా. నక్షత్రం మాత్రం ఊడదీసి ఉంచుకున్నారు మావగారు. ఇప్పుడు ఆయనా లేరు, అత్తగారూ లేరు. నక్షత్రం మా షోకేసులో ఉంది.

ఇప్పటి బండ్లకి నీళ్ళు పోయడమే లేదు. రంగు రంగుల కూలెంటు, తుప్పూ గారా పట్టకుండా మందులు కలిపి డబ్బాల్లో వస్తోంది. హీటు మితి మీరితే బండి తనంతట తనే జోరు తగ్గించేసుకుంటుందట. మా మనవడు చెబితే విన్నాను. మావారు నమ్మరు. ఎవరి కారెక్కినా ముందు ముల్లుకేసి చూస్తారు. కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతిదాకా మచ్చ, ఇప్పటికీ నున్నగా మెరుస్తుంటుంది. దాన్ని చూపించి క్లీనరు కుర్రాడి తెలివితక్కువతనం గురించి పిల్లలకి కథ చెప్పడం ఆయనకి ఇష్టం. నేను ఆ వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకుంటాను.

ఈ పత్రిక మా ఇంటికి శుక్రవారం వస్తుంది. ఆయన మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా వదలకుండా చదువుతారు. ఈ వారం పొద్దుటినుంచీ కళ్ళజోడు కనబడటం లేదని ఇల్లంతా వెతుకుతారు. పోపులడబ్బాలో ఆవాల గిన్నె కింద ఉంటుంది. ఆయన అక్కడ ఎలాగూ వెతకరు. సాయంత్రానికి ధైర్యం వస్తే నేనే తీసి ఇస్తాను.